‘ఉందంట’కు, ‘ఉంది’కి మధ్య గండి

గండికోట ఎక్కినవాడి చెవిన మొదట పడేది పెన్న హోరు కాదు, ‘అంట’ అనే మాట. “ఈ కోనేట్లో కత్తులు కడిగేవాళ్లంట.” “ఇక్కణ్నుంచి ఏటి దాకా సొరంగం ఉందంట.” “ఆ గోడ కింద నిధి ఉందంట.” గైడు చెప్తాడు, వెంట వచ్చిన బావమరిది చెప్తాడు, జమ్మలమడుగు నుంచి ఎక్కించుకొచ్చిన ఆటో అబ్బాయి చెప్తాడు. వీళ్లెవరూ అబద్ధమాడటం లేదు. చివర ఆ ఒక్క ముక్క తగిలించి, పూచీ తమది కాదని ముందే తప్పుకుంటున్నారు.

వాన వచ్చింది అంటే చూశాను, తడిశాను. వాన వచ్చిందంట అంటే ఎవరో చెప్పగా విన్నాను. కోస్తాలో ‘ట’, సీమలో ‘అంట’. తెలిసిన సంగతిని చెప్పడంతో పాటు అది ఎట్లా తెలిసిందో కూడా క్రియకే కట్టి పంపే భాష మనది. న్యాయశాస్త్రం, అంటే మన పాత తర్కశాస్త్రం, జ్ఞానానికి దారులు నాలుగని లెక్క వేసింది: కంటితో చూడటం ప్రత్యక్షం, గుర్తును బట్టి ఊహించడం అనుమానం, పోలికను బట్టి తెలుసుకోవడం ఉపమానం, నమ్మదగినవాడు చెప్తే వినడం శబ్దం. నాలుగోదానికి మనం వ్యాకరణంలోనే చోటిచ్చాం. చెప్పినవాడు నమ్మదగినవాడేనా అన్న ప్రశ్న మాత్రం వినేవాడి నెత్తిన పడేశాం.

ఈ ‘అంట’లు వింటూ తిరుగుతున్నప్పుడు నా సంచిలో ఉన్నది పోలండు తార్కికుల మీద ఒక పుస్తకం. 1895లో కాజిమియెజ్ ట్వర్డోవ్‌స్కీ అనే ఆచార్యుడు ల్వోవ్ నగరంలో పాఠాలు మొదలుపెట్టాడు (ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది). ఆయన శిష్యులు వార్సా చేరారు. వారి శిష్యులు ప్రపంచమంతా చేరారు. వాళ్ల పట్టుదల ఒకటే: చెప్పేది తేటగా చెప్పు, ఎట్లా తెలిసిందో చెప్పు. ఆ పుస్తకం చదువుతూ గండికోట గోడల మీద కూర్చుంటే, ఈ రెండు చోట్ల మధ్య దూరం అనుకున్నంత లేదనిపించింది. ఆ దారిలో ఏరుకున్న విశేషాలే ఇవి.

చనిపోయిన రాజుకు సామంతుడు

గండికోట గురించి రాసిన చాలాచోట్ల ఒక వాక్యం అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. కల్యాణి చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు కాకరాజు (కొన్నిచోట్ల కాపరాజు) 1123లో ఈ కోట కట్టించాడని. చదివినప్పుడు ఎంతో నిండుగా ఉంటుంది. రాజు పేరుంది, సామంతుడి పేరుంది, ఏడాది ఉంది.

చిక్కల్లా ఆహవమల్ల బిరుదున్న మొదటి సోమేశ్వరుడు రాజ్యం చేసింది 1042 నుంచి 1068 దాకా కావడమే. ఆ ఏడాది ఆయన తుంగభద్రలో జలసమాధి అయ్యాడు. 1123 నాటికి ఆయన పోయి 55 ఏళ్లు. అప్పుడు కల్యాణంలో సింహాసనం మీద ఉన్నది ఆయన కొడుకు ఆరవ విక్రమాదిత్యుడు. అర్ధశతాబ్దం కిందట పోయిన దొరకు సామంతుడిగా ఉండటం ఎంత స్వామిభక్తి ఉన్నవాడికైనా కష్టమే.

ఏడాది తప్పయినా కావాలి, రాజు పేరు తప్పయినా కావాలి, రెండూ తప్పయినా కావాలి. రెండూ ఒప్పు కావడం మాత్రం కుదరదు. ఇందులో ఏది తప్పో తర్కం చెప్పదు. ఒకే ఒరలో రెండు కత్తులున్నాయని చూపించి ఊరుకుంటుంది. తీర్పు చెప్పాల్సింది శాసనాలూ కైఫియత్తులూ చదివేవాళ్లు. 1800లో సీమ జిల్లాలు కుంపిణీ చేతికి వచ్చాక, కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల నోటి మాటను, గుళ్లలోని శాసనాలను రాసుకున్న కట్టలే ఆ కైఫియత్తులు. అంటే ‘అంట’లకు కట్టిన దస్తావేజులు.

మంచు లేని సీమలో టార్‌స్కీ

1933లో ఆల్‌ఫ్రెడ్ టార్‌స్కీ సత్యం అంటే ఏమిటో చెప్తూ పోలిష్ భాషలో ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. దానితో పాటు లోకానికెక్కిన ఉదాహరణ ఇది: ‘మంచు తెల్లగా ఉంది’ అన్న వాక్యం మంచు తెల్లగా ఉంటేనే నిజం, లేకుంటే కాదు. మొదటిసారి విన్నవాడెవడైనా “ఓస్, ఇంతేనా?” అంటాడు. నేనూ అన్నాను.

సీమకు మంచుతో పనేముంది? ఉదాహరణ మారుద్దాం. ‘పెన్న పారుతోంది’ అన్న మాట పెన్న పారుతుంటేనే నిజం. కొటేషన్ గుర్తుల లోపల ఉన్నది మాట, బయట ఉన్నది ఏరు. మాటను ఎంత తిప్పి చదివినా అందులో తడి తగలదు. తెలియాలంటే లేచి గట్టు దాకా నడవాల్సిందే. గండికోట జలాశయం సామర్థ్యం దాదాపు 27 టీఎంసీలు. ఆ అంకె కాగితం మీద ఏడాది పొడుగునా నిండుగానే ఉంటుంది. డ్యాములో నీళ్లు మాత్రం వానలను బట్టి, కాలవను బట్టి. ఎండలు చూసిన రైతుకు ఆ గుర్తుల లోపలికీ బయటికీ ఉన్న తేడా ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు దగ్గరికి రండి. కాశీ వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో సామెత పుట్టించినంతటివాడు. ఆయన రాసిన తర్కసంగ్రహం పల్చటి పుస్తకం. ఈనాటికీ దేశంలో న్యాయశాస్త్రం మొదలుపెట్టే కుర్రాడి చేతిలో ముందు పెట్టేది అదే. అందులో యథార్థ జ్ఞానానికి ఇచ్చిన లక్షణం, దాని సారం ఇది: ఒక గుణం ఉన్నచోట ఆ గుణం ఉందని తెలుసుకోవడం. వెండిని చూసి ‘ఇది వెండి’ అనుకుంటే యథార్థం. ముత్యపు చిప్ప తళతళ చూసి ‘ఇది వెండి’ అనుకుంటే భ్రమ. టార్‌స్కీ మాట్లాడింది వాక్యాల గురించి, అదీ గణితంలా కట్టుదిట్టమైన భాషల్లోని వాక్యాల గురించి. అన్నంభట్టు మాట్లాడింది మనసులో కలిగే తెలివిడి గురించి. ఇద్దర్నీ ఒకే గాట కట్టకూడదు. కానీ ఇద్దరూ వేలు పెట్టి చూపించిన చోటు ఒకటే.

టార్‌స్కీ సంగతి ఇంకొకటి. 1939 ఆగస్టులో ఒక సభ కోసం అమెరికా ఓడెక్కాడు. సెప్టెంబరు 1న హిట్లర్ సేన పోలండు మీద పడింది. వచ్చిన దారి మూసుకుపోయింది. ఆయన బతికిపోయాడు, భార్యాబిడ్డలు అక్కడే చిక్కుకున్నారు. వాళ్లు మళ్లీ ఆయన్ను చూసింది 1946లో.

‘నిజం’ మనది

సంస్కృతంలో ‘నిజ’ అంటే సొంతం, తనది. సత్యం కాదు. ఆ మాటను తెచ్చుకుని సత్యం అనే అర్థంలో వాడుకుంటున్నది మనం. ‘సొంతం’ కాస్తా ‘సత్యం’ ఎట్లా అయిందో చెప్పడం భాషాశాస్త్రం పని. సీమలో మాత్రం ఒత్తి పలికి “నిజ్జంగానా?” అని అడిగితే ప్రమాణం చూపించమని అర్థం.

నిప్పు, పొగ, ఫిరంగి

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని మనం పుకార్ల గురించి వాడే సామెత న్యాయశాస్త్రంలో పాఠ్యాంశం. దూరాన కొండమీద పొగ కనిపించింది. కాబట్టి కొండమీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా. ఈ ‘ఉన్నచోటల్లా’ అనే గట్టి ముడికి వ్యాప్తి అని పేరు. ముడి ఒకవైపే బిగుస్తుంది. పొగ ఉంటే నిప్పుంటుంది గానీ నిప్పుంటే పొగ ఉండాలని లేదు. కొలిమిలో ఎర్రగా కాగిన ఇనుపగుండుకు పొగ రాదు. పొగ రావాలంటే కట్టె పచ్చిది కావాలి. ఇన్నేసి షరతులు వెతికారు పాతవాళ్లు. మనం సామెతను పట్టుకుని షరతులను వదిలేశాం. అందుకే ఎవరి మీదైనా నింద పడితే చాలు, నిప్పుందని తేల్చేస్తాం. పుకారు పొగలాంటిదే అన్న మొదటి మెట్టునే ఎవరూ పరీక్షించరు.

గండికోటలో ఈ పాఠం ఒకసారి ఫిరంగుల మీద నడిచింది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోట పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ముత్యాలు అమ్ముకోవడానికి ఇక్కడికి వచ్చి, నవాబు మీర్ జుమ్లాను డేరాలో చూశాడు. కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కోటి తీస్తూ జవాబులు చెప్పి రాయిస్తున్నాడట. (ఇక్కడ నేనూ ‘ట’ వాడక తప్పదు. చూసింది తావెర్నియే, నేను కాదు.)

ఆయన రాసిన ఇంకో ముచ్చట చూడండి. మీర్ జుమ్లా కొలువులో మాయ్ అనే ఫ్రెంచివాడొకడు ఇరవై ఫిరంగులు పోతపోయడానికి ఒప్పుకున్నాడు. లోహం కోసం చుట్టుపక్కల గుళ్ల విగ్రహాలు తెప్పించారు. అన్నీ కరిగాయి గానీ గండికోట గుడి విగ్రహాలు మాత్రం ఎంత కట్టె తగలేసినా కరగలేదు. పూజారులు మంత్రం వేశారని నవాబు అనుమానించి బెదిరించాడు. చివరికి ఆ మాయ్ చేతి మీద పనికొచ్చే ఫిరంగి ఒక్కటీ బయటికి రాలేదు. ఒకటి పగిలింది, ఇంకొకటి సగంలో ఆగింది.

విగ్రహం కరగలేదు. అది పొగ. దానికి నిప్పు ఏది? నవాబుకు పూజారి మంత్రం. ఊరివాళ్లకు దేవుడి మహిమ. తావెర్నియే కథ చెప్పిన తీరులో చూస్తే పోతపోసేవాడి చేతకానితనం. ఒకే హేతువు (గుర్తు), ముగ్గురికి మూడు సాధ్యాలు (తేల్చుకున్న సంగతులు). వ్యాప్తి కుదరని చోట హేతువు ఎటు లాగితే అటు వస్తుంది.

క్రియ చివరికి పెట్టే క్యాలిక్యులేటర్

తెలుగు వాక్యం తిరగేసిన పోలిష్ గణితంలా నడుస్తుందని మీకు తెలుసా? 1924లో యాన్ వూకషేవిచ్ అనే వార్సా తార్కికుడు బ్రాకెట్లు అక్కర్లేని రాత పద్ధతి కనిపెట్టాడు. 2 + 3 అనకుండా + 2 3 అని, చేయాల్సిన పనిని ముందు రాయడం. ఆయన పేరు పలకడం కష్టమని లోకం దానికి పోలిష్ పద్ధతి అని పేరు పెట్టుకుంది. తర్వాత కంప్యూటర్లవాళ్లు దాన్ని తిరగేశారు. పనిని చివర రాస్తే యంత్రానికి సులువని తేలింది. 1972లో వచ్చిన హ్యూలెట్ ప్యాకార్డ్ 35 అనే జేబు క్యాలిక్యులేటర్‌లో ‘సమానం’ మీట ఉండదు. రెండు నొక్కి, ఎంటర్ కొట్టి, మూడు నొక్కి, ఆ తర్వాత కూడిక నొక్కాలి. 2 3 + 4 × అంటే ఇరవై.

దీన్ని తెలుగులో చదవండి: రెండూ మూడూ కూడి, నాలుగుతో గుణించు. ఒక్క మాట అటూ ఇటూ జరపనక్కర్లేదు. సరుకులన్నీ ముందు, పని చివర. ఇంగ్లీషు బడిలో చదివినవాళ్లు ఆ క్యాలిక్యులేటర్ చూసి తికమకపడేవాళ్లు. సంతలో నోటి లెక్క చెప్పే మన కోమటి శెట్టికి అది ఇంటి భాష.

వూకషేవిచ్ 1919లో కొన్నాళ్లు పోలండు విద్యామంత్రిగా కూడా చేశాడు. తర్కం తెలిసినవాడు మంత్రి అయిన సందర్భాలు మనకెక్కువ తెలియవు కాబట్టి చెప్తున్నాను.

రేపటి మాట నిజమా, అబద్ధమా?

ఆ వూకషేవిచ్చే ఇంకో చిక్కు తవ్వాడు. “వచ్చే ఏడాది డిసెంబరు 21 మధ్యాహ్నం నేను వార్సాలో ఉంటాను.” ఈ మాట ఇవాళ నిజమా? నిజమే అయితే ఆ రోజు ఆయన వార్సాలో ఉండక తప్పదు. ఇవాళే రాసిపెట్టి ఉన్నట్టు. అబద్ధమైతే ఎంత తన్నుకున్నా ఉండలేడు. రెండింట్లో ఏది ఒప్పుకున్నా మనిషి చేతిలో ఏమీ మిగలదు. అందుకని ఆయన మూడో విలువ పెట్టాడు. నిజానికి 1, అబద్ధానికి 0, ఇంకా తేలనిదానికి ½. 1920లో ఈ మూడు విలువల తర్కం అచ్చయింది. అరిస్టాటిల్ నాటి నుంచి రెండు కాళ్ల మీద నిలబడిన తర్కానికి మూడో కాలు మొలిచింది.

రేపటి వాక్యాల విషయంలో కడప జిల్లాకు మించిన చోటు తెలుగునేల మీద లేదు. కందిమల్లాయపల్లె పోతులూరి వీరబ్రహ్మంగారిది. ఆ ఊరిప్పుడు బ్రహ్మంగారి మఠం. జరగబోయేవి చెప్పే కాలజ్ఞానం ఆయన బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కూర్చుని రాశారని ప్రతీతి. వింత జరిగిన ప్రతిసారీ “బ్రహ్మంగారు అప్పుడే చెప్పినారు” అంటాం. గమనించారా, ఇక్కడ ‘అంట’ రాదు. “చెప్పినారంట” అని సీమలో ఎవరూ అనరు.

భక్తిని పక్కన పెట్టి తార్కికుడి కంటితో చూస్తే ఒక సంగతి తడుతుంది. కాలజ్ఞానం మాటల్ని జనం గుర్తు చేసుకునేది సంగతి జరిగిపోయాకే. ½ దగ్గర ఉన్న మాట 1 అయ్యాకే దాన్ని పుస్తకంలో వెతుకుతాం. ఇంకా ½ దగ్గరే ఉన్నవాటి జోలికి ఎవరూ పోరు. వాటిని ఏ రోజుకు, ఏ ఊరికి అని అడిగితే జవాబు లేదు. వూకషేవిచ్ మాటకు తేదీ ఉంది, గంట ఉంది, ఊరు ఉంది. డిసెంబరు 21 సాయంత్రానికి అది ½ గా మిగలడానికి వీల్లేదు.

చెలమ తోడితే స్యాద్వాదం

గండికోట చూసి వెనక్కి వచ్చేవాళ్లలో పదిమందికి ఒకరు కూడా దానవులపాడు వైపు తిరగరు. జమ్మలమడుగు దగ్గరే, పెన్న ఒడ్డున, ఇసుక మేటల్లో కూరుకుపోయిన జైన క్షేత్రం అది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తవ్వితే తీర్థంకరుల విగ్రహాలు, రాష్ట్రకూటుల నాటి కన్నడ శాసనాలు బయటపడ్డాయి. శాంతినాథుడి అభిషేకానికి పీఠం చేయించిన నిత్యవర్షుడు, అంటే మూడో ఇంద్రుడు, పదో శతాబ్దపు రాజు. కొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి.

జైనులది స్యాద్వాదం. ఏ మాట అన్నా ముందు ‘స్యాత్’, అంటే ‘ఒక విధంగా చూస్తే’, అని చేర్చాలి. ఒక విధంగా ఉంది. ఒక విధంగా లేదు. ఒక విధంగా ఉంది, ఇంకో విధంగా లేదు. ఒక విధంగా మాటకు అందదు. వీటిని కలుపుకుంటూ పోతే మొత్తం ఏడు భంగులు, అంటే ఏడు తీరులు. పట్నంవాళ్లకు ఇది మాటల గారడీగా కనిపిస్తుంది. ఎండాకాలం దానవులపాడు దగ్గర పెన్నలో నిలబడినవాడికి కనిపించదు. ఏట్లో నీళ్లున్నాయా? పైన చూస్తే లేవు, ఇసుకే. మూరెడు చెలమ తోడితే ఊరుతాయి. ఉన్నాయి, లేవు, రెండూ ఒప్పే. ఎక్కడ నిలబడి అడుగుతున్నావో చెప్పు, అంతే.

ఈ సప్తభంగి వూకషేవిచ్ మూడు విలువల తర్కమేనని తేల్చిపారేసే వ్యాసాలు చదివాను. నాకు నమ్మకం కుదరలేదు. ఆయన మూడో విలువ ‘ఇంకా తేలలేదు’ అంటుంది. జైనుడి ‘స్యాత్’ ‘ఈ వైపు నుంచి తేలింది’ అంటుంది. పోలిక కన్నా తేడాయే ఇక్కడ రుచి. 1954లో గణాంకవేత్త మహలనోబిస్, 1957లో జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ స్యాద్వాదానికీ సంభావ్యతా గణితానికీ చుట్టరికం కలుపుతూ వ్యాసాలు రాశారు. ఆ సంబంధం కొంత నయం.

ఒక్క మెతుకు

వారిద్దరూ పనిచేసిన కలకత్తా సంస్థలోకి 1941లో ఒక తెలుగు కుర్రాడు అడుగుపెట్టాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్. రావు. 1920లో బళ్లారి సీమలోని హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివినవాడు. 25 ఏళ్లకే, 1945లో, ఈనాటి గణాంకశాస్త్రం నిలబడ్డ సిద్ధాంతాలు రాసేశాడు. 102 ఏళ్లు బతికి 2023లో పోయాడు. ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరే ‘గణాంకాలూ సత్యమూ’.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి మన ఆడవాళ్లు కుండంతా పిసకరు, ఒక్క మెతుకు నలిపి చూస్తారు. పండితులు దీనికి స్థాలీపులాక న్యాయమని పేరు పెట్టారు. 1934లో యెజీ నేమన్ అనే పోలిష్ గణితజ్ఞుడు, పోలండు కార్మికుల సర్వేలో పనిచేసిన అనుభవంతో, ఎన్ని మెతుకులు ఎక్కణ్నుంచి తీయాలో లెక్కగట్టి చూపించాడు. కుండ అడుగున మాడి, పైన బిరుసుగా ఉంటే ఒక్క మెతుకు మోసం చేస్తుంది. అడుగున కొన్ని, మధ్యన కొన్ని, పైన కొన్ని విడివిడిగా తీయాలి. ఎన్నికల ముందు ఎవరు గెలుస్తారో చెప్పే సర్వేలు బోల్తా పడినప్పుడల్లా నాకు గరిటె తిప్పని కుండ గుర్తొస్తుంది.

ముందుకీ వెనక్కీ

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనం ఉంది. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అన్న మూడూ అందులో ఉన్నాయి. తమాషా ఏమంటే, ఆ లఘుశాసనంలో కొంత భాగం ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఎద్దులు చాలు తిరిగినట్టు. నిజం చెప్పమన్న మాటను చదవడానికి మెడ అటూ ఇటూ తిప్పాలి.

గండికోటకు దగ్గర్లో, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనముంది. మొట్టమొదటి తెలుగు శాసనం, క్రీ.శ. 575 అని బడిపిల్లలు అప్పజెప్తారు. రాయి మీద ఏడాది లేదు. అక్షరాల వంపును బట్టి కట్టిన అనుమానం అది. పొగను చూసి చెప్పిన నిప్పు. మంచి అనుమానమే, కాదనను.

వార్సాలో నాగార్జునుడు

వూకషేవిచ్ తర్కం పాఠాలు చెప్తున్న రోజుల్లో అదే వార్సాలో స్తానిస్వావ్ షాయర్ అనే సంస్కృత పండితుడుండేవాడు. 1932లో అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రాచ్య విద్యా సంస్థ నెలకొల్పాడు. పక్కవీధి తార్కికులు తయారుచేసిన కొత్త పనిముట్లతో మన న్యాయ, బౌద్ధ గ్రంథాలను విప్పి చూడాలని మొదట గట్టిగా తలపెట్టినవాళ్లలో ఆయనొకడు. అంతకుముందు ఐరోపా పండితులు మన ఐదు అవయవాల (మెట్ల) అనుమానాన్ని చూసి, అరిస్టాటిల్‌కు మూడు చాలితే వీళ్లకు ఐదెందుకని వెక్కిరించేవాళ్లు. ఐదోది మొదటిదానికి పునరుక్తి కాదు, ఎదుటివాణ్ని ఒప్పించే మెట్టు అన్న సంగతి వాళ్ల బుర్రకెక్కలేదు. 1941లో, యుద్ధం నడుమ, షాయర్ నలభై రెండేళ్లకే పోయాడు.

ఆయన మనసు పడ్డవాళ్లలో బౌద్ధ తార్కికుడు నాగార్జునుడి వ్యాఖ్యాత చంద్రకీర్తి ఒకడు. నాగార్జునుడు మన శ్రీపర్వతం, కృష్ణ ఒడ్డువాడని సంప్రదాయం. ఆయన నాలుగు మూలలూ మూసేస్తాడు. ఉంది అనకు, లేదు అనకు, ఉండీ లేదు అనకు, రెండూ కాదు అనకు. “అన్నీ శూన్యమైతే నీ ఈ మాట కూడా శూన్యమే కదయ్యా?” అని ప్రత్యర్థి పట్టుకుంటాడు. తనకు ప్రతిజ్ఞ (నిలబెట్టాల్సిన వాదన) అంటూ ఏదీ లేదు కాబట్టి దోషమూ లేదని జవాబు. ‘నేను చెప్పేదంతా అబద్ధమే’ అన్న వాక్యం గురించి అయిదో శతాబ్దపు భర్తృహరి కూడా తర్కించాడు. ఆ మాట తనను తాను కలుపుకోకూడదన్నది ఆయన దారి. టార్‌స్కీ దారీ ఇంచుమించు ఆ వైపే. ఒక భాషలోని నిజానిజాలు చెప్పాలంటే ఇంకో మెట్టు పైనున్న భాష కావాలన్నాడు.

దిఙ్నాగుడి మాట ఒకటి చెప్పి దాటేస్తాను. బౌద్ధ తర్కానికి తండ్రి. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, వేంగికి దగ్గరగా ఒంటరి కొండమీద స్తూపం చూసి, దిఙ్నాగుడు తర్కగ్రంథం రాసింది ఇక్కడేనని విన్నట్టు రాసుకున్నాడు. ఆయనదీ ‘అంట’యే.

తిట్టయిన శాస్త్రపదం

న్యాయశాస్త్రం చర్చలను మూడు రకాలు చేసింది. నిజం తేలడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాణ్ని పడగొట్టడానికే చేసేది వితండ. మొదటి రెంటి మధ్య తేడా మరిచిపోయి మూడోదాన్ని తిట్టుగా భద్రంగా దాచుకున్నాం. “వితండవాదం చేయొద్దురా” అని పల్లెటూరి నాయనమ్మ మందలిస్తే ఆమె నోట పలికేది న్యాయసూత్రాల గౌతముడి పరిభాష. టీవీల్లో రాత్రి తొమ్మిదింటికి నడిచేవాటికి ఈ మూడింట్లో ఏ పేరు తగునో మీరే చూడండి. నాలుగో పేరు వెతకాలేమో.

ఏ వేమన?

1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడప వచ్చాడు. బంగళా కొన్నాడు, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకున్నాడు. ఒకే పద్యానికి దొరికిన పది తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టి, తేడాలు గీసి, ఏది మూలమో తేల్చే పని. 1829లో 693 వేమన పద్యాలు అచ్చువేశాడు. 1839 కూర్పులో 1164 అయ్యాయి. పదేళ్లలో వేమన కొత్తగా 471 రాయలేదు కదా! దొరికినవి పెరిగాయి. దొరికినవాటిలో ఆయనవెన్ని, ఆయన మకుటం తగిలించి ఊళ్లో పెద్దమనుషులు అల్లినవెన్ని అన్నది ఈనాటికీ తెగలేదు. గండికోట సీమే వేమనదని కొందరు, కొండవీడని కొందరు, సమాధి ఉన్న కటారుపల్లె చూపించి కదిరి అని కొందరు. ఎవరి ‘అంట’ వారిది. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనంతపురంలో చేసిన ఉపన్యాసాలు చదివితే, ఈ ‘అంట’లను ఒక్కొక్కటిగా నీళ్లలో ముంచి రంగు పోతుందేమో చూసే ఓపిక కనిపిస్తుంది.

బ్రౌన్ బంగళా ఉన్నచోటే ఇప్పుడు కడపలో ఆయన పేర గ్రంథాలయం ఉంది. దానికోసం జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి తిరిగాడు. బ్రౌన్ 1852 నిఘంటువు తీసి ‘అట’ అన్న పదం చూడండి. తెలుగువాడికి శ్వాసలా తెలిసిన ముక్కను వేరే భాషలో చెప్పడానికి ఎన్ని మాటలు కావాలో అక్కడ తెలుస్తుంది. టార్‌స్కీ అడిగిన పై మెట్టు భాష అంటే అదే.

పోలికలో తలకిందులు

ఉపమానానికి పాత ఉదాహరణ: అడవిలో గవయమనే జంతువు ఆవులా ఉంటుందని విన్నవాడు, అడవికి పోయి ఆవులాంటి జంతువును చూసి, ఓహో, గవయమంటే ఇదేనని గుర్తుపడతాడు. తెలిసిన ఆవు నుంచి తెలియని గవయానికి. గండికోటను మాత్రం ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అంటున్నాం. గ్రాండ్ కాన్యన్ చూడనివాడికి ఆ మాటతో తెలిసేదేముంది? గవయాన్ని చూపించి ఆవును వర్ణించినట్టుంది. లోతులోనూ పొత్తు కుదరదు. అక్కడిది కిలోమీటరున్నర పైమాటే.

ఆ పోలిక సరైన దిక్కుకు తిరిగేది ఒక్కచోటే. జమ్మలమడుగులో పుట్టి, అమెరికాలో కంప్యూటరు ఉద్యోగం చేసే కొడుకు అరిజోనా వెళ్లి, ఆ అంచున నిలబడి, అమ్మకు వీడియో కాల్ చేసి “మా, సూడు, మన గండికోట మాదిరే ఉంది” అంటాడు చూడండి, అది అసలైన ఉపమానం. తెలిసిన ఆవు నుంచి తెలియని గవయానికి. ఫోను పట్టుకున్న తల్లి ఆ ఎర్రటి లోయను కాసేపు కళ్లు చికిలించి చూస్తుంది.

“బాగుంది నాయనా. కింద నీళ్లుండాయా?”